స్టెప్ 6

తమ్ముడూ,

నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌లో యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ పోర్ట్ మార్చడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. మొదలు బానే ఉంది. కానీ మధ్యలో "పాత పోర్ట్‌ని జాగ్రత్తగా తీసేయాలి" అని ఒక్క లైన్ రాసి కొత్త పోర్ట్ అతికించడానికి వెళ్ళిపోయావు చూడు, అక్కడ మండింది నాకు. రిపేర్ అంతా ఆ లైన్‌లోనే ఉందిరా.

జాగ్రత్తగా అంటే చదివేవాడు ఏం చెయ్యాలి, ఊపిరి బిగబట్టాలా? పోర్ట్ లోహపు తొడుగు కాళ్ళు సర్క్యూట్ బోర్డులోకి దిగి గ్రౌండ్ రాగి పొరకి అతుక్కుని ఉంటాయి, ఆ రాగి నువ్విచ్చే వేడంతా తాగేస్తుంది, పిన్స్ దగ్గర సోల్డర్ (వాటిని బోర్డుకి అతికించే లోహం) కరిగినా కాళ్ళ దగ్గర కరగదు, అది చూసుకోకుండా లాగావా పిన్స్ అతుక్కుని ఉన్న రాగి ప్యాడ్స్ బోర్డు నుంచి ఊడి చేతిలోకొస్తాయి. లెడ్ (సీసం) లేని సోల్డర్ కరగాలంటే సుమారు 217 డిగ్రీలు కావాలి, లెడ్ ఉన్న 63/37 అయితే 183కే కరుగుతుంది, అందుకే ముందు ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారడానికి పూసే పేస్ట్) పెట్టి పాత సోల్డర్‌లో ఈ లెడ్ ఉన్నది కలుపుతారు. అది రాయి. ట్వీజర్‌తో కొంచెం తడితే పోర్ట్ నీళ్ళ మీద ఆకులా కదలాలి, కదిలాకే ఎత్తాలి. ఇంత రాశాక ఇంక జాగ్రత్తగా అనే మాటతో పనేముంది?

నేను మొదటిసారి తీసిన పోర్ట్‌తో పాటు రెండు ప్యాడ్స్ వచ్చేశాయి. వేడి తట్టుకునే కాప్టన్ టేప్ వెయ్యలేదు కాబట్టి పక్కన ప్లాస్టిక్ కనెక్టర్ కూడా కరిగిపోయింది. మైక్రోస్కోప్ కింద వెంట్రుకంత వైర్ అతికిస్తూ మూడు రాత్రులు కూర్చున్నా. అదంతా రాసి పంపితే ఓ ఎడిటర్ మహానుభావుడు ఆ పేరా ఎత్తేసి "10 సులభమైన స్టెప్స్" అని హెడ్డింగ్ పెట్టాడు. స్టెప్ 6 ఏంటో తెలుసా, "పోర్ట్‌ను జాగ్రత్తగా తొలగించండి". నా పేరు కింద. ఆ మాట నేను రాయనే లేదు!

ఇంకోటి. కేబుల్ ఒకవైపు పెడితేనే ఛార్జ్ అవుతోందని మీ చెల్లి ప్లగ్ మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుందని చివర్లో ఎక్కడో అన్నావు. అసలు వ్యాసం అక్కడ మొదలవ్వాలి కదా. ఆ పోర్ట్‌లోని 24 పిన్స్‌లో సీసీ పిన్స్, అంటే కేబుల్ ఎటు పెట్టారో కనిపెట్టేవి, రెండు: ఏ5, బీ5. కేబుల్ ఎటు తిప్పి పెట్టావన్నదాన్ని బట్టి వాటిలో ఒకటే పనిచేస్తుంది. ఒకటి విరిగితే ఒకవైపే ఛార్జింగ్. మీటర్ పట్టకుండానే ఆ పిల్ల జబ్బు సగం కనిపెట్టేసింది, నువ్వేమో దాన్ని సరదా ముచ్చటగా వదిలేశావు.

పోర్ట్ మార్చినా కొన్ని ఛార్జ్ అవ్వవు, అదీ రాయి. ఒరిజినల్ ఛార్జర్‌తో 15 వోల్టులకి ఎక్కాల్సింది 5 దగ్గరే ఆగిపోతుంటే ఛార్జర్‌తో ఎంత వోల్టేజ్ కావాలో మాట్లాడుకునే ఎం92టీ36 చిప్ మీద అనుమానపడాలి. బ్యాటరీ కనెక్టర్ ముందే పీకాలని కూడా లేదు నీ దాంట్లో.

వేడిగాలితో సోల్డర్ కరిగించే హాట్ ఎయిర్ స్టేషన్ ఏది కొనాలి, వ్యాసం ఎవరికి పంపితే వేస్తారు అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు మళ్ళీ రాసి పంపు. ఆ చుక్క ఏ రంగుదో కూడా రాయి.