చెమట ముందే పడితే స్టామినా తగ్గినట్టా?

ప్రశ్న: కొన్నేళ్లుగా తెల్లవారుజామున బీచ్ రోడ్డులో పరుగెడుతున్నాను. ఈమధ్య మా బావమరిది కూడా వస్తున్నాడు. కాళీమాత గుడి దగ్గర కలిసే బయలుదేరతాం. సబ్‌మెరైన్ మ్యూజియం దాటేసరికే నా టీషర్టు తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. అతనికి నుదురు మాత్రమే చెమరుస్తుంది, మొహం మాత్రం ఎర్రగా కందిపోతుంది. ‘నీకు స్టామినా తగ్గింది బావా’ అంటున్నాడు. నిజమేనా? చెమటతో ఉప్పు పోతుందని కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కాదండీ. మీ ఒంటికి పరుగు బాగా అలవాటైంది, అంతే. అతని మొహం కందిపోవడం మీరు గమనించారు చూశారా, అసలు సంగతి అక్కడే ఉంది.

పరుగులో కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే కదలికకు పనికొస్తుంది. మిగతాదంతా వేడే. ఆ వేడిని రక్తం చర్మం దాకా మోసుకొస్తే, అక్కడ చెమట ఆవిరై దాన్ని బయటికి పంపాలి. ఇదంతా చూసుకునేది మెదడులోని హైపోథాలమస్. ఒంట్లో వేడి 37 డిగ్రీలు దాటి కాస్త పెరగ్గానే అది నరాల ద్వారా చెమట గ్రంథులకు కబురు పంపుతుంది. సాధన ఉన్నవాళ్లలో ఈ కబురు త్వరగా, అంటే ఇంకా తక్కువ వేడి దగ్గరే వెళ్తుంది. గ్రంథులు కూడా అదే కబురుకు ఎక్కువ చెమట పోస్తాయి. వాటి సంఖ్య మాత్రం పెరగదు. ఆ ఇరవై నలభై లక్షల గ్రంథులూ పసితనంలోనే ఖాయమైపోతాయి. పెరిగేది వాటి పనితనం, దాంతోపాటు రక్తంలో నీటి భాగం. మీ బావమరిదికి చర్మం కిందికి రక్తమైతే చేరింది కానీ, చల్లబరచడానికి చాలినంత చెమట ఇంకా రావట్లేదు. అయితే ఎక్కువ చెమట పట్టినవాళ్లంతా ఫిట్ అనుకోకండి. ఒంటి బరువు, పుట్టుకతో వచ్చిన తేడాలు కూడా ఉంటాయి.

మన విశాఖలో అసలు చిక్కు ఉక్కపోత. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. గడ్డం మీంచి నేలకు కారిపోయిన చెమట వల్ల చల్లదనం దాదాపు సున్నా. ముసురు రోజుల్లో కుండలో నీళ్లు సరిగా చల్లబడవు కదా, మే నెలలో బీచ్‌లో మన ఒంటి పరిస్థితీ అదే. గాలిలో తేమ నిండి ఉంటే మీ గ్రంథులు ఎంత పనిచేసినా సగం చెమట వృథా. అంటే మీలాంటివాళ్లకే నీళ్లు ఎక్కువ పోతాయి. ఫిజియాలజీ పాఠం చెప్పే రోజుల్లో పిల్లలను పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోమనేవాణ్ని. మీరూ చూసుకోండి. కేజీ తగ్గితే సుమారు లీటరు నీళ్లు పోయినట్టు.

ఇక ఉప్పు. చెమట గ్రంథి అడుగున పుట్టినప్పుడు చెమట రక్తంలోని నీరంత ఉప్పగా ఉంటుంది. సన్నటి గొట్టంలో పైకి వస్తుంటే అందులోని సోడియాన్ని ఒళ్లు చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. వేడికి అలవాటుపడిన ఒంట్లో ఈ లాక్కోవడం ఇంకా బాగా జరుగుతుంది. గంటలోపు పరుగుకు ఇంట్లో తినే చారు, మజ్జిగ చాలు. నేవీ మారథాన్ కోసం గంటల తరబడి పరుగెత్తే రోజుల్లో మాత్రం, నల్ల టీషర్టు ఆరాక తెల్లటి చారలు కనిపిస్తే, నీళ్లలో కాస్త ఉప్పు, నిమ్మరసం కలుపుకోండి. బీపీ ఉంటే డాక్టర్ని అడిగాకే. దాహానికి మించి ఉత్త నీళ్లు పట్టించడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

మీ బావమరిదిని ఓ రెండు వారాలు మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంలోనే రమ్మనండి, అతనికీ చెమట ముందే పడుతుంది. ఎప్పుడైనా తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒంటికి చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.