మాగ్మా ఆల్బమ్‌ను భాష తెలియకుండా ఎలా వినాలి?

ఫ్రెంచి ప్రాగ్రెసివ్ రాక్ (దీర్ఘమైన, సంక్లిష్టమైన రచనలు చేసే రాక్ శాఖ) గురించి చదివిన ప్రతిచోటా మాగ్మా బృందం పేరు కనబడడంతో వారి 1973 నాటి ఆల్బమ్ 'మెకానిక్ డిస్ట్రుక్టివ్ కొమ్మాండో' పెట్టుకున్నాననీ, ఒక్క మాట కూడా అర్థం కాక మధ్యలోనే ఆపివేశాననీ, దానిని ఎలా వినాలో చెప్పమనీ మీరు అడిగారు. ఈ ఆల్బమ్‌ను నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. ముందుగా ఒక విషయం చెప్పాలి: అందులోని భాష ఫ్రాన్సులోని శ్రోతలకు కూడా రాదు. 1969లో పారిస్‌లో ఈ బృందాన్ని స్థాపించిన డ్రమ్మర్ క్రిస్టియన్ వాండేర్, కోబాయా అనే గ్రహాన్ని ఊహించి, అక్కడివారి కోసం కోబాయన్ అనే భాషను తానే కల్పించి, తన రచనలలో అధికభాగం ఆ భాషలోనే పాడించారు. అందువల్ల పారిస్ శ్రోతకూ మీకూ మొదటిసారి వినేటప్పుడు పెద్ద తేడా ఉండదు.

మన తిల్లానాలోని జతులలాగా ఇవి కేవలం లయ కోసం పలికే అక్షరాలని మొదట అనిపించవచ్చు. కానీ గాయకులు వాటిని ఒక ప్రకటన చదువుతున్నంత నమ్మకంతో పలుకుతారు, వెనుక ఒక కథ కూడా ఉంది. నెబెర్ గుదాత్ అనే ప్రవక్త భూలోకవాసులకు వారి వినాశనం గురించి చెబుతాడు. ఆగ్రహించి అతనిపైకి నడిచిన జనమే చివరకు అతని మాటకు లోబడి అతని వెంట నడుస్తారు. ఇంతమాత్రం తెలిస్తే చాలునని నా అభిప్రాయం. పాటల సాహిత్యాన్ని పక్కన పెట్టుకుని విన్నప్పుడు నా చెవి సంగీతాన్ని వదిలి అక్షరాల వెంట పోయింది కాబట్టి, కనీసం మొదట్లో ఆ పని చేయవద్దని చెబుతాను.

ఏడు భాగాలుగా విభజించినా, దాదాపు 39 నిమిషాల ఈ ఆల్బమ్ ఒకే రచన. మధ్యలో ఒక పాటను మాత్రమే ఏరుకుని వింటే దాని బలం తెలియదు. నేను మొదట పట్టుకున్నది జానిక్ టాప్ వాయించిన బేస్ గిటార్‌ను. మాగ్మాతో ఆయన చేసిన మొదటి ఆల్బమ్ ఇదే. ఆ బరువైన బేస్, పియానో, వాండేర్ డ్రమ్స్ కలిసి ఒకే పదబంధాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ ఉండగా, వాటిపైన గాయకబృందం ఒక్కొక్క పొరగా చేరుతూ పోతుంది. రాక్ సంగీతంలో మనం ఎదురుచూసే గిటార్ ఇక్కడ చాలావరకు వెనుకనే ఉంటుంది. ఆ స్థానం క్లౌస్ బ్లాస్కిజ్, స్టెల్లా వాండేర్ తదితరుల గొంతులది. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ బృందగాన రచనలతో దీనిని పోల్చడం పరిపాటి, ఆ పోలిక న్యాయమైనదే. అయితే వాండేర్ ఆరాధించినది జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను, నాకు ఈ ఆల్బమ్‌లోని తీవ్రతకు మూలం అక్కడే వినబడుతుంది. ఐదవ భాగమైన 'నెబెర్ గుదాత్'లో గొంతు పాటను దాటి కేక అయ్యే చోట అది మరీ స్పష్టం. మీరు ఆపివేసినది అక్కడికి రాకముందే అయితే, ఈసారి కనీసం ఆ భాగం వరకు వినండి.

తక్కువ శబ్దంతో, పని చేసుకుంటూ వింటే ఆ పునరుక్తి విసుగు పుట్టిస్తుంది. పొరలు విడివిడిగా తెలియాలంటే మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వేరే పని లేని సమయంలో వినడం మేలు.

ఇది నచ్చితే 1974లో వచ్చిన 'వుర్దా ఇతా' వినండి. మూడు భాగాల రచనాక్రమంలో అది రెండవది, మీరు విన్నది మూడవది. పరికరాలు తక్కువగా ఉండడం వల్ల నిర్మాణం ఇంకా తేటగా తెలుస్తుంది. ఆ తరువాత 1975 నాటి పారిస్ కచేరీ రికార్డింగు 'లైవ్/హాయ్'కి వెళ్లండి. అందులో యువకుడైన డిడియే లాక్‌వుడ్ వయొలిన్ ఉంది, మీరు విన్న ఆల్బమ్‌లోని కొంత సంగీతం అక్కడ మరింత స్వేచ్ఛగా సాగుతుంది.