చదరంగం మాస్టారితో ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి పదమూడేళ్లు. తెల్లపావులు వస్తే చాలు, మొదటి ఎత్తు జి4 (రాజు వైపు గుర్రం ముందున్న బంటును రెండు గడులు జరపడం) ఆడుతున్నాడు. ఫోనులో మూడు నిమిషాల ఆటల్లో బాగానే గెలుస్తున్నాడు. టోర్నమెంట్లకు వెళ్తే మాత్రం వరసగా ఓడిపోయి వస్తున్నాడు. కోచ్ గారు ‘అది ఆటే కాదు, మానెయ్’ అన్నారట. ఇంటికొచ్చి ఏడ్చాడు. మాన్పించమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు బాబును దగ్గరకు తీసుకోండి. అందరూ ఆడే ఇ4, డి4లను పక్కనపెట్టి ఆ వయసులో తనకంటూ ఒక ఎత్తు వెతుక్కున్నాడంటే ఆట మీద వాడికి ప్రాణం ఉన్నట్టే. అలాంటి పిల్లలు నా దగ్గరకు ఏడాదికి ఒకరిద్దరు కూడా రారు.

ఆ జి4 దెబ్బ నేనూ తిన్నాను. కాలేజీ రోజుల్లో ఒక టోర్నమెంటులో నావి నల్లపావులు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన జి4 ఆడి, చేతులు కట్టుకుని బోర్డు వైపే చూస్తూ ఉండిపోయారు. నేను డి5 ఆడాను. ఆయన శకటాన్ని జి2కు తెచ్చారు. జి4 బంటుకు కాపలా లేదు. నా శకటంతో కొట్టేశాను. ఆయన సి4 ఆడారు. ఆ బంటునూ నా డి5 బంటుతో కొట్టాను. కొట్టి చెయ్యి వెనక్కి తీసేలోపే కనబడింది. డి5లో నా బంటు లేకపోయేసరికి జి2 నుంచి మూల దాకా దారి తెరుచుకుంది. ఆయన శకటం వెళ్లి బి7లో కూర్చుంది. మూలన ఉన్న నా ఏనుగుకు ముందు బంటు, పక్కన గుర్రం. కదిలే చోటు లేదు. శకటానికి బదులు ఏనుగును ఇచ్చుకున్నాను, ఆట పోయింది. సి4కు జవాబుగా సి6 ఆడి ఉంటే డి5 బంటు కదలకుండా నిలబడేది, ఏనుగు బతికేది. ఆ రాత్రి హాస్టల్లో బోర్డు పేర్చుకుని ఆ నాలుగు ఎత్తులే తిరగేస్తూ కూర్చున్నాను.

మీవాడు ఫోనులో గెలవడానికీ, టోర్నమెంటులో ఓడడానికీ కారణం ఈ సి6లోనే ఉంది. మూడు నిమిషాల ఆటలో ఎదుటివాడికి ఆలోచించే తీరిక ఉండదు. దొరికిన బంటును నాలాగే కొట్టేస్తాడు. గంటకు పైగా సమయం ఉన్న ఆటలో పదిసార్లు చూసుకుని సి6 ఆడతాడు. అక్కడి నుంచి మీవాడి రాజుకు కష్టాలు మొదలవుతాయి. జి బంటు రాజుగారి గుమ్మం దగ్గర కాపలాదారు. రెండు గడులు ముందుకు వెళ్లాక వెనక్కి రాలేదు, ఎఫ్4, హెచ్4 గడులను ఇక ఎప్పటికీ కాయలేదు. చదరంగంలో అన్నిటికంటే వేగంగా ఆటకట్టు అయ్యే దారి ఎలా ఉంటుందో బాబును అడగండి. తెల్లవాళ్లు ఎఫ్3, జి4 ఆడితే నల్లమంత్రి హెచ్4కు వచ్చి ఆట కట్టేస్తుంది. అందులో సగం మీవాడు మొదటి ఎత్తులోనే తన చేత్తో ఆడిపెడుతున్నాడు.

స్విట్జర్లాండ్ ఆటగాడు హెన్రీ గ్రోబ్ ఈ జి4ను ఉత్తరాల ద్వారా ఆడిన ఆటల్లో వందల సార్లు ప్రయోగించాడు. ఆయన పేరే దానికి స్థిరపడింది. కాబట్టి ‘అది ఆటే కాదు’ అన్న మాటను నేను ఒప్పుకోను. కానీ ఎదిగే పిల్లవాడు రోజూ ఆడవలసిన ఎత్తు కాదు.

అరుదైన ఎత్తు వేరు, రాజును బయటపెట్టే ఎత్తు వేరు. ఆ తేడా తెలియాలంటే బాబుకు 1980 నాటి ఒక ఆట చూపించండి. స్వీడన్‌లోని స్కారాలో యూరప్ దేశాల జట్ల పోటీ. తెల్లపావులు ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్‌వి, నల్లపావులు ఇంగ్లండ్ ఆటగాడు టోనీ మైల్స్‌వి. కార్పోవ్ ఇ4 ఆడితే మైల్స్ ఏ6 ఆడాడు, తర్వాత బి5. చూస్తున్నవాళ్లు నవ్వారట. గెలిచింది మైల్స్. కార్పోవ్ నడిబోర్డును ఆక్రమిస్తూ ఉంటే, మైల్స్ శకటాన్ని బి7లో పెట్టి, ఇ6, సి5 ఆడి ఆ నడిబోర్డునే పక్క నుంచి కొట్టాడు. ఆ ఆరంభంలో మైల్స్ తన రాజుకు కాపలాగా నిలిచే ఎఫ్, జి, హెచ్ బంట్లలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. అక్కడ ఆపి, బాబును బోర్డు వైపు చూడమనండి. వాడికే అర్థమవుతుంది.

మాన్పించే బదులు మార్పించండి. వింత ఎత్తే కావాలంటే బి4 ఆడమనండి. రాజుకు దూరంగా ఉన్న బంటు అది. నల్లవాళ్లు ఇ5 అంటే, శకటం బి2కు. వాళ్లు శకటంతో బి4 బంటును కొడితే, మనం శకటంతో ఇ5 బంటును కొడతాం. పక్క బంటు ఇచ్చి నడిబోర్డు బంటు తీసుకున్నట్టు. అప్పుడు నల్లవాళ్లు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి జి7ను మూసుకోవాలి. పొరపాటున రెండో గుర్రాన్ని సి6కు తెస్తే, మన శకటం జి7 బంటును కొట్టి మూలనున్న ఏనుగును పట్టేస్తుంది. బాబుకు ఇష్టమైన ఉచ్చు ఇక్కడా ఉంది. ఎదుటివాడు అందులో పడకపోయినా మన రాజుకు ఏమీ కాదు. ఒక్కటి మాత్రం చెప్పండి: ఈ దారిలో నల్లవాళ్లు తొందరగా రాజును మూల వైపు చేర్చి కోట కట్టుకుంటారు. అందుకని ఇంకో ఉచ్చు వెతుకుతూ కూర్చోకుండా వెంటనే ఇ3, గుర్రం ఎఫ్3, ఆ తర్వాత కోట.

ఫోనులో జి4 ఆడుకుంటే ఆడుకోనివ్వండి. ఈ జవాబును కోచ్ గారికి కూడా చూపించండి. వాడి మంచి కోరే అలా అన్నారు, అందులో సందేహం లేదు.

ప్రశ్న: బి4 ఆరంభానికి ఒరంగుటాన్ అని పేరు ఎలా వచ్చింది?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: 1924 న్యూయార్క్ టోర్నమెంటు మధ్యలో ఆటగాళ్లు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలకు వెళ్లారు. అక్కడ సూసన్ అనే ఒరంగుటాన్ ఉండేది. రేపు ఏమి ఆడమంటావని తాను దాన్ని అడిగాననీ, బి4 అని అదే సూచించిందనీ ఆ ఆటగాళ్లలో ఒకడైన టార్టకోవర్ చెప్పాడు. బి4, ఆ తర్వాత బి5 అంటూ బంటు ఎగబాకే తీరు కూడా ఆ జంతువు చెట్టెక్కడాన్ని తలపించిందట. మర్నాడు ఆ ఎత్తునే మరో ఆటగాడు మరోట్సీ మీద ఆడాడు. ఆరంభంలో బాగానే నిలదొక్కుకున్నాడు కానీ, చివరకు గెలిచింది మరోట్సీ. తర్వాతి కాలంలో సోవియట్ ఆటగాడు సోకోల్‌స్కీ ఈ ఒక్క ఎత్తు మీదే ఒక పుస్తకం రాశాడు. అందువల్ల సోకోల్‌స్కీ ఆరంభం అనీ అంటారు.

ప్రశ్న: ‘కింగ్స్ ఇండియన్’, ‘నిమ్జో ఇండియన్’... ఈ ఆరంభాల పేర్లలో మన దేశం ఎందుకుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మీరు చిన్నప్పుడు అరుగు మీద పెద్దవాళ్లు ఆడగా చూసే ఉంటారు. మా తాతగారు బంటును మొదటిసారి కూడా ఒక్క గడే కదిపేవారు. మన పాత పద్ధతి అదే. ఆ అలవాటున్నవాళ్లకు డి6, జి6 లాంటి చిన్న అడుగులు, పక్కన దాగి కాపుకాసే శకటం సహజంగా వస్తాయి. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ ఇలాగే ఆడేవాడు. అక్కడ బారిస్టరుగా ఉన్న జాన్ కాక్రేన్ ఆయనతో ఎన్నో ఆటలు ఆడి, వాటిని రాసి ఉంచాడు. ఐరోపా వాళ్లకు అవి వింతగా తోచాయి. ‘ఇండియన్ డిఫెన్స్’ అనే పేరు అలా పుట్టింది.

1855 మే నెలలో వాళ్లిద్దరూ ఆడిన ఒక ఆట ఇలా మొదలవుతుంది: డి4కు గుర్రం ఎఫ్6, సి4కు జి6, గుర్రం సి3కు డి5. నల్లపావులు బెనర్జీవి, గెలుపూ ఆయనదే. ఇవే ఎత్తులను 1922లో ఆస్ట్రియా ఆటగాడు గ్రున్‌ఫెల్డ్ ఆడితే వాటికి గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అని పేరు పడింది. బెనర్జీ ఆట మొత్తం ఇప్పటికీ దొరుకుతుంది. మీ మనవలను కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం బోర్డు మీద ఆడి చూపించండి.