బలమా, శక్తా? తాయ్‌చీ వ్యాసంలో ఒక వాక్యం

సందేహం: చైనా యుద్ధవిద్య తాయ్‌చీ వెనకున్న భౌతికశాస్త్రం గురించి రాస్తూ "ఎదుటివాడి శక్తిని అతని మీదికే మళ్లించాలి" అన్నాను. ఫిజిక్స్ చెప్పే మిత్రుడు "శక్తి కాదు, బలం" అని దిద్దారు. ఏది సరి?

సమాధానం: వాడుకలో రెండూ చెల్లుతాయి. ఒంట్లో శక్తి లేదన్నా, బలం లేదన్నా మనకు ఒకటే. కానీ పాఠ్యపుస్తకాల్లో బలాన్ని న్యూటన్లలో, శక్తిని జౌళ్లలో కొలుస్తారు. ఆ కట్టుబాటులో మీ వాక్యానికి రెండూ పొసగవు. మీకు కావలసింది ద్రవ్యవేగం. పదిమందికీ తెలిసిన మాటలో ఊపు.

70 కిలోల మనిషి సెకనుకు ఒక మీటరు వేగంతో మీదికి వచ్చాడనుకోండి. ఎదురునిలిచి సెకనులో పదోవంతులో ఆపాలంటే సగటున 700 న్యూటన్ల బలం కావాలి. అంటే దాదాపు 70 కిలోల బరువు మోసినంత. వెనక్కి తగ్గుతూ సెకను పాటు నిదానిస్తే 70 న్యూటన్లు చాలు. తాయ్‌చీలో 'ల్యూ' అనే పట్టు ఇంకా నేర్పుగా ఉంటుంది. అతని మోచేతికి చేయి ఆనించి, నడుము తిప్పి, వచ్చిన ఊపునే కాస్త పక్కకు సాగనిస్తారు. అతని గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒకచోట ఉన్నట్టు తోచే బిందువు, ముందుకాలు దాటిందంటే, ఇక అతన్ని పడగొట్టేది అతని బరువే. కాబట్టి "ఎదుటివాడి ఊపును అడ్డుకోకుండా దారి మళ్లించాలి" అని రాయండి. ఇందులో శాస్త్రమూ తప్పదు, తెలుగూ చెడదు.

ఈ విద్యలో 'లి', 'జిన్' అని రెండు మాటలున్నాయి. మొదటిది ఉత్త కండబలం. రెండోది సాధనతో ఒళ్లంతా ఒక్కటై పనిచేసే నేర్పు. రెంటినీ 'శక్తి' అంటే పాఠకుడికి ఏమీ మిగలదు. సత్తువ, ఒడుపు అనండి. కుస్తీ గోదాలో నిలబడ్డవాడికి ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు.

"నాలుగు లియాంగులతో వెయ్యి జిన్నులను తప్పించడం" అనే చైనా నానుడిని మాత్రం లెక్కగా చూపకండి. పాత తూకంలో 16 లియాంగులు ఒక జిన్ను. అంటే నాలుగు వేల రెట్లు! అది అతిశయోక్తి. పైగా ఈ తూకపు జిన్ను వేరు, ఒడుపు అనే జిన్ వేరు.

ఇంకొకటి. తాయ్‌చీలోని 'చీ'కి ప్రాణశక్తి అని అర్థం రాస్తున్నారు. అది వేరే 'చీ'. ఇక్కడి 'చీ'కి పరాకాష్ఠ అని అర్థం; చైనా లిపిలో రెండింటి అక్షరాలూ వేరు. మీ వ్యాసంలో ఆ వాక్యం ఉంటే తీసేయండి.