సమా: సిట్రిక్ బ్రయన్ బోరుకి అల్లుడా, కొడుకా, శత్రువా?

మూడూనండీ! ఐర్లాండ్ రాజుల వంశవృక్షం గీస్తుంటే సిట్రిక్ దగ్గర ముడి పడిందన్నారు కదా, తప్పు మీ గీతలది కాదు. కాగితం మధ్యలో ఐర్లాండ్ మహారాజు బ్రయన్‌ని కాకుండా గోర్మ్‌లే అనే ఆవిడని పెట్టి చూడండి, చిక్కు విడిపోతుంది.

ఈమె ఐర్లాండ్‌లోని లెయిన్‌స్టర్ అనే రాజ్యాన్ని ఏలిన రాజు కూతురు. మొదటి భర్త డబ్లిన్‌ని ఏలిన వైకింగ్ (స్కాండినేవియా నుంచి వచ్చిన జాతి) రాజు ఓలాఫ్. వాళ్ళ కొడుకే సిట్రిక్, తండ్రి తర్వాత డబ్లిన్‌ని ఏలినవాడు. 999లో గ్లెన్‌మామా దగ్గర బ్రయన్ చేతిలో ఓడాక సిట్రిక్ లొంగిపోయాడు. రాజీ ఎలా కుదిరిందంటే, బ్రయన్ గోర్మ్‌లేని పెళ్ళాడి, తన కూతురు స్లానేని సిట్రిక్‌కి ఇచ్చాడు. అంటే అల్లుడే భార్య కొడుకు కూడా! స్లానే గోర్మ్‌లే కడుపున పుట్టలేదు, అక్కడ కంగారుపడకండి.

లెయిన్‌స్టర్ రాజు మెయిల్ మోర్డా గోర్మ్‌లేకి తోడబుట్టినవాడు. సిట్రిక్‌కి మేనమామ, బ్రయన్‌కి బావమరిది. 1014 ఏప్రిల్ 23న, గుడ్ ఫ్రైడే నాడు, డబ్లిన్ దగ్గరి క్లాంటార్ఫ్ యుద్ధంలో మేనమామా మేనల్లుడూ ఒకవైపు, బ్రయన్ మరోవైపు. అందుకే దాన్ని ఉత్త 'ఐరిష్ వర్సెస్ వైకింగ్' యుద్ధమంటే నేనొప్పుకోను.

బ్రయన్, ఆయన కొడుకు, మనవడు, మెయిల్ మోర్డా అందరూ అక్కడే పోయారు. సిట్రిక్ మాత్రం డబ్లిన్ కోటగోడ మీంచి చూస్తూ ఉండిపోయాడు. మీవాళ్ళు సముద్రంలోకి పరుగెడుతున్నారని పక్కనే ఉన్న స్లానే ఎగతాళి చేస్తే పన్ను ఊడేలా కొట్టాడట. ఇది బ్రయన్ వంశం వాళ్ళు తర్వాత రాయించుకున్న గాథలోది, చరిత్రగా రాసుకోకండి. సిట్రిక్ ఏలుబడిని మాత్రం 1036 దాకా లాగండి.