దర్జీ మాస్టారిని అడగండి: కోటు కాలరు నిలబెట్టే చట్రం కొనొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మావారు విశాఖ జిల్లా కోర్టులో ప్లీడరు. నల్లకోటు కుట్టించి రెండేళ్లు కూడా కాలేదు. అప్పుడే మెడ వెనక కాలరు లేచి నిలబడుతోంది, లాపెల్ (ఛాతీ మీద బయటికి మడిచి ఉండే కోటు అంచు) చివరలు పైకి తిరుగుతున్నాయి. పొద్దున్న ఇస్త్రీ చేసిస్తే సాయంత్రానికి మళ్లీ అదే తంతు. ఆన్‌లైన్లో ఒక వస్తువు చూశాను. వంపు తిరిగిన ప్లాస్టిక్ చట్రం. హ్యాంగరుకి తగిలించి, పై భాగం కాలరు మడత కిందా, రెండు రెక్కలు లాపెల్స్ కిందా దోపాలట. రాత్రి పెడితే తెల్లారేసరికి కోటు కొత్తదైపోతుందట. కొనమంటారా?
– ఒక సోదరి, ఎంవీపీ కాలనీ

జవాబు: కొనొచ్చమ్మా. కానీ డబ్బు కట్టేముందు ఆ కోటు లోపల ఏం వేసి కుట్టారో చూసుకోండి. ఆ చట్రం ఉన్న వంపుని కాపాడుతుందే తప్ప, పోయిన వంపుని తెచ్చిపెట్టదు. ప్రకటనల్లో ఈ ముక్క రాయరు.

లాపెల్ వంపు పైకి కనబడే గుడ్డలో ఉండదు, దాని వెనక ఉండే పొరలో ఉంటుంది. పాత పద్ధతిలో ఆ పొర కాన్వాసు. నూలో ఉన్నో పడుగు వేసి, పేకలో గుర్రం వెంట్రుకో మేక వెంట్రుకో కలిపి నేసిన గుడ్డ అది. గుప్పిట్లో నలిపి వదిలితే దానంతట అదే లేస్తుంది. దాన్ని అంటించరు, చేత్తో కుడతారు. లాపెల్‌ని ఎడమచేతి చూపుడువేలి మీద వంచి పట్టుకుని, ఆ వంపు చెదరకుండా ఏటవాలుగా చిన్న చిన్న కుట్లు, వరస వెంట వరస. సూది కింది గుడ్డలో ఒకటి రెండు పోగుల్ని మాత్రమే అందుకోవాలి. అవతలి వైపు కుట్టు చుక్క కనబడిందా, మా గురువుగారు మొత్తం విప్పించేసేవారు. అలా కుట్టిన లాపెల్ వేలి మీంచి తీసేశాక కూడా వంగే ఉంటుంది. మడత పడే గీతకి కాస్త లోపలగా సన్నటి నూలు టేపు కొంచెం బిగించి కుడతాం, అక్కడ గుడ్డ సాగకుండా. నేను వన్‌టౌన్లో పని నేర్చుకునే రోజుల్లో నేవీ ఆఫీసర్ల కోట్లు ఇలాగే తయారయ్యేవి. లాపెల్స్‌కే పూటంతా పట్టేది. ఓనరు గడియారం చూస్తూ గొణిగేవాడు, గురువుగారు వినపడనట్టు కుట్టుకుపోయేవారు.

ఇప్పుడు రెడీమేడ్ కోట్లలో ఎక్కువ భాగం ఫ్యూజింగ్‌వే. ఒక వైపు జిగురు చుక్కలున్న గుడ్డని వేడి పెట్టి, అదిమి, పై గుడ్డకి అంటించేస్తారు. ఫ్యూజింగ్ అనగానే మొహం చిట్లించక్కర్లేదు. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. చిక్కంతా తర్వాత చేసే ఇస్త్రీతోనే. ఆ జిగురు సాధారణంగా 120 నుంచి 150 డిగ్రీల మధ్య కరిగి అతుక్కునే రకం. ఇస్త్రీపెట్టె మీద చుక్కలుంటాయి చూడండి, ఒక చుక్కంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. మూడు చుక్కల మీద పెట్టి, నీళ్లు చల్లి, లాపెల్‌ని బలంకొద్దీ రుద్దితే జిగురు మళ్లీ కదులుతుంది. కొన్నిచోట్ల ఊడిపోయి గుడ్డ పూరీలా పొంగుతుంది. బొగ్గుల పెట్టెకైతే చుక్కల గొడవే లేదు, ఎంత వేడెక్కిందో ఇస్త్రీ చేసేవాడికే తెలియాలి.

మీ కోటు ఏ రకమో ఇలా చూడండి. అన్నిటికన్నా కింది కాజాకి దిగువన, పై గుడ్డని ఒక చేత్తో, లోపలి గుడ్డని ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ వేళ్లకి తగిలితే కాన్వాసు. రెండే తగిలి, పైది కాస్త బిరుసుగా ఉంటే ఫ్యూజింగ్. ఛాతీ దగ్గర కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే పైన కాన్వాసు వేసి కింద ఫ్యూజింగ్‌తో సరిపెట్టే సగం కాన్వాసు కోట్లు కూడా ఉన్నాయి. లాపెల్ మీద బుడగలు కనబడితే మాత్రం చట్రం మీద డబ్బు పెట్టకండి. ఊడిన జిగురు చట్రానికి లొంగదు.

మెడ వెనక కాలరు లేవడం వేరే సంగతి. కోటు వేసుకుని మీవారిని మామూలుగా నిలబడమనండి, అటెన్షన్లో కాదు. కాలరుకి కింద వీపు మీద అడ్డంగా ముడత పడుతూ, చొక్కా కాలరుకీ కోటు కాలరుకీ మధ్య సందు వస్తోందంటే అది చాలావరకు కొలత తేడా. భుజం వాలు కుదర్లేదు, లేదా వీపు భాగం పొడవు సరిపోలేదు. కాలరు విప్పి సరిచేయాలి, కుట్టిన మాస్టరు దగ్గరికే తీసుకెళ్లండి. హ్యాంగరు మీద బుద్ధిగా కూర్చుని, ఒంటి మీదికి రాగానే లేచే కాలరుకి ఏ సాధనమూ లేదు.

ఇక ఇస్త్రీ. ఉన్ని కలిసిన గుడ్డకి ఒక గుణం ఉంది. ఆవిరి తగిలితే పోగులు మెత్తబడి, ఏ వంపులో పెడితే ఆ వంపులోనే చల్లారి బిగుస్తాయి. అంటే లాపెల్‌ని కుదురుగా ఉంచేది వేడి ఒక్కటే కాదు, చల్లారడం కూడా. అందరూ ఇక్కడే తొందరపడతారు. వేడివేడిగా తీసి తొడుక్కుని బండెక్కుతారు, మద్దిలపాలెం దాటేలోపు లాపెల్ తనకి నచ్చినట్టు తిరిగిపోతుంది. రాత్రే చేయండి. లాపెల్‌ని తెరిచి, వెనక వైపు నుంచి, తడిపి పిండిన పల్చటి నూలు గుడ్డ పరిచి, రెండు చుక్కల మీద అంచుల్ని అదమండి. పాలిస్టరు ఎక్కువున్న కోటైతే ఒక చుక్క చాలు, అంతకు మించితే నల్లగుడ్డ మెరుపు తేలుతుంది, ఆ మెరుపు మళ్లీ పోదు. రుద్దకండి, ఎత్తి పెట్టండి, ఎత్తి పెట్టండి. తర్వాత చేతి తువ్వాలుని గట్టిగా చుట్టి మడత కింద పెట్టి, లాపెల్‌ని దాని మీదుగా వాల్చి, కాస్త ఆవిరి చూపించి వదిలేయండి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. మడత మీద ఇస్త్రీపెట్టె పెట్టి కాగితం మడతలా నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి. లాపెల్ పై బొత్తాం దగ్గరికి వచ్చేసరికి మెత్తగా దొర్లినట్టు కనబడాలి. కోటులో అందమంతా ఆ కాస్త జాగాలోనే ఉంది.

మన ఊరి గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియనివ్వదు. కోర్టులో పట్టిన చెమట, బయట సముద్రపు గాలి, రెండూ కోటులోనే ఉంటాయి. ఆ కోటుని అలాగే బీరువాలో పెడితే మెత్తబడిన లాపెల్ ఎలా నలిగితే అలా నిలబడిపోతుంది, పైగా బూజు. ఇంటికి రాగానే ఫ్యాను కింద తగిలించి, ఆరాక లోపల పెట్టండి. మీరు చూసిన చట్రానికి అసలు పని అప్పుడు మొదలవుతుంది. వేసవిలో మరీను. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవికి నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది కాబట్టి ప్లీడర్ల కోట్లు ఆ నెలల్లో బీరువాల్లో ఇరుక్కుని పడుంటాయి. పక్కనున్న పట్టుచీరల బరువంతా లాపెల్ మీదే. అలాంటిచోట లోపలి నుంచి కాసే చట్రం ఉంటే మంచిదే.

కొనేటప్పుడు అంచు మీద వేలు పెట్టి చూడండి. మడత కింద దూరే భాగం వేలంత గుండ్రంగా ఉండాలి. పదునుగా ఉంటే రాత్రంతా గుడ్డ మీద గీత కొడుతుంది. రెక్కలు పై బొత్తాం దాకా రాకూడదు, రెండు మూడు అంగుళాల పైనే ఆగిపోవాలి, లేకపోతే నేను చెప్పిన ఆ దొర్లుడు చచ్చిపోతుంది. కాలరుని బయటికి సాగదీసేంత బిగువు వద్దు. రంగు వేసిన ఇనప తీగవి ఇక్కడ పనికిరావు, మన ఉప్పుగాలికి రంగు లేచిన చోటల్లా తుప్పు పట్టి మరక అంటిస్తాయి. గట్టి ప్లాస్టిక్, లేదా స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. అన్నిటికన్నా ముందు హ్యాంగరు మార్చండి. డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే సన్నతీగ హ్యాంగరుకి కోటు బరువంతా రెండు గీతల మీద వేలాడుతుంది. చివరలు లావుగా, భుజం ఆకారంలో ముందుకి వంగిన చెక్క హ్యాంగరు ఒకటి తెచ్చుకుంటే, దానికీ చుట్టిన తువ్వాలుకీ కలిపి సగం పని అయిపోతుంది. చట్రం ఆ తర్వాత, అవసరమనిపిస్తేనే.

ప్రశ్న: హోటల్ రిసెప్షన్లో పని. బండి మీద బీచ్ రోడ్డులో వెళ్తుంటే గాలికి లాపెల్స్ లేచి మొహానికి కొడుతున్నాయి. లోపలొకటి బయటొకటి పెట్టే చిన్న అయస్కాంతాలు దొరుకుతున్నాయి. వాడొచ్చా? పెళ్లిళ్లకి ఇదే కోటు మా నాన్నగారు కూడా వేసుకుంటారు. ఆయనకి పేస్‌మేకర్ ఉంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆఖరి వాక్యం రాసి మంచిపని చేశావు బాబూ. నాన్నగారు వేసుకునే కోటుకి అయస్కాంతం వద్దు. పేస్‌మేకర్‌ని ఎక్కువగా ఎడమ కాలరుబోను కింద అమరుస్తారు, ఎడమ లాపెల్ సరిగ్గా అక్కడే ఉంటుంది. అయస్కాంతాన్ని దానికి కనీసం 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు దూరంలో ఉంచమంటారు డాక్టర్లు. కోటు ఇచ్చేటప్పుడు తీసేస్తాలే అనుకోకు, పెళ్లి హడావుడిలో గుర్తుండదు. నీ మట్టుకు నువ్వైనా బండి మీద కోటెందుకు? లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి, సంచిలో పెట్టుకుని, హోటల్‌కి వెళ్లాక తొడుక్కో. తప్పదంటే లాపెల్ వెనక చిన్న టిచ్ బొత్తాం కుట్టించుకో, ఏ దర్జీ అయినా నిలబెట్టి కుట్టిస్తాడు.

ప్రశ్న: చొక్కా కాలరులో దోపే ప్లాస్టిక్ పుల్లలు కోటు కాలరుకి కూడా పెట్టొచ్చా? మావి ఉతికినప్పుడల్లా పోతున్నాయి.
– ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: కోటుకి పనికిరావమ్మా. చొక్కా కాలరు మొన తిన్నగా ఉండాలి కాబట్టి పుల్ల సరిపోతుంది. కోటు కాలరు మెడ చుట్టూ వంగాలి, అందులో పుల్ల పెడితే వంపు విరుగుతుంది. ఇక పోవడం అంటారా, ఉతికేముందు తీసేయాలి, ఇస్త్రీకి ముందు కూడా. వేడికి ప్లాస్టిక్ వంగిపోతుంది, గుడ్డ మీద దాని అచ్చు పడుతుంది. ఇత్తడివి వంగవు గానీ చెమటకి చిలుము పడతాయి, అప్పుడప్పుడూ తుడుస్తుండాలి. పోయినవాటి బదులు గడువు తీరిన ఏటీఎం కార్డుని అదే కొలతకి కత్తిరించి, మొన గుండ్రంగా అరగదీసి వాడండి. కార్డు నంబరూ చిప్పూ ఉన్న ముక్కల్ని మాత్రం బాగా తుంచి పారేయండి.