డాక్టర్‌ని ఏం అడగాలో కూడా మేడమే చెప్పాలా?

ప్రశ్న: నమస్తే సర్. మా పాప పదో తరగతి, స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. బయాలజీలో 40కి 37, 38 తగ్గవు. మొన్న పోషణ పాఠం చదువుతుంటే విన్నా, జీర్ణనాళంలో ఆహారం ఎలా కదులుతుందో తెలుసుకోడానికి డాక్టర్‌ని ఏ ప్రశ్నలు అడుగుతావు అని ఉందంట, దానికి ఐదు ప్రశ్నలు వరస తప్పకుండా అప్పజెప్తోంది. నీకొచ్చిన డౌటే రాయొచ్చు కదే అంటే "మేడమ్ ఇచ్చినవే రాయాలి మమ్మీ, వేరేవి రాస్తే మార్కులు కట్" అంది. ఇందులో తప్పు ఎవరిది, టీచర్‌దా పుస్తకానిదా?
- ఒక అమ్మ, నల్గొండ

జవాబు: అమ్మా, తమాషా ఏంటంటే ఆ ప్రశ్న పుస్తకంలో పెట్టిందే బట్టీ మాన్పించడానికి. కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో బ్యాగు బరువు కన్నా అర్థం కాకుండా చదివే చదువే పిల్లలకి పెద్ద బరువు అని చెప్పింది, 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఇంచుమించు అదే మాట మీద నడిచింది, దాన్ని చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో సొంతంగా ఒక చట్రం రాసుకుని వరసగా కొత్త పుస్తకాలు వేసుకుంటూ వచ్చింది. పదో తరగతి పుస్తకం వచ్చేసరికి 2014 అయింది, రాష్ట్రం రెండైపోయింది. మీ పాప చేతిలో ఉన్నది ఆ పుస్తకమే. సైన్స్‌కి ఏడు విద్యా ప్రమాణాలు పెట్టారు, విషయం అర్థమైందా అన్నది అందులో ఒకటి మాత్రమే, ప్రశ్నలు వేయడం, ప్రయోగం చేయడం, సమాచారం పోగుచేయడం, బొమ్మ గీయడం, ప్రకృతిని చూసి మెచ్చుకోవడం, రోజువారీ బతుకులో వాడటం ఇవన్నీ మిగతావి. 2015 మార్చి నుంచి పబ్లిక్ పేపర్ కూడా ఈ లెక్కలోనే ఇచ్చారు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ప్రశ్న వేయడానికి మార్కులున్నాయి అనగానే గైడ్లవాళ్ళు ఆ ప్రశ్నలు కూడా రెడీమేడ్‌గా అచ్చేసి అమ్మేశారు, స్కూళ్ళు వాటినే నోట్సుగా చెప్పి రాయించాయి. టీచర్‌ని అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకి కట్టలు పేపర్లు ముందేసుకుని కూర్చున్న మనిషి మీ పాప సొంతంగా అడిగిన వింత ప్రశ్నని ఆగి చదివి ఆలోచించి మార్కు వేస్తారో లేదో ఎవరికీ గ్యారంటీ లేదు, తెలిసిన ఐదు ప్రశ్నలకి మాత్రం మార్కులు ఖాయం. స్కూల్‌ని చూసేది రిజల్ట్‌తోనే కాబట్టి ఆ మేడమ్ లెక్క మేడమ్‌ది. పుస్తకం మార్చారు గానీ పేపర్ దిద్దే తీరు మార్చలేదు, క్లాసులో ఏం జరగాలో తేల్చేది పుస్తకం కన్నా ఆ దిద్దే తీరే.

ఇంటర్నల్ మార్కుల సంగతీ అంతే. ప్రాజెక్టు, పుస్తకం చదివి నాలుగు మాటలు రాయడం, రాతపని, స్లిప్ టెస్ట్ ఒక్కోదానికి 5 చొప్పున 20 మార్కులు పెట్టారు. ఆలోచన చాలా మంచిది, నేనైతే ఇప్పటికీ దానివైపే. కానీ ప్రాజెక్టులు నెట్‌లోంచి దిగాయి, స్టేషనరీ షాపుల్లో చార్టులు తయారుగా దొరికాయి, చాలాచోట్ల అందరికీ 19, 20 పడిపోయాయి. ఆంధ్రాలో 2019-20లో వాటిని తీసేశారు, తెలంగాణలో 2024 నవంబర్‌లో తీసేస్తున్నాం అని చెప్పి మర్నాడే ఆ ఏడాదికి వద్దులే అన్నారు.

మీరు చేయగలిగేది ఒకటుంది. పబ్లిక్ కోసం ఆ ఐదూ నేర్చుకోనివ్వండి, దాని మీద ఇంట్లో గొడవ వద్దు. కానీ వాటి కింద తన సొంతవి రెండు రాయమనండి, తలకిందులుగా నిలబడి తింటే ముద్ద కిందకి జారుతుందా పైకే పోతుందా లాంటివి (పొట్టలోకే పోతుంది, అన్నవాహిక కండరాలు దాన్ని నెట్టుకుంటూ పోతాయి, ఆ పాఠంలో అసలు చెప్పాల్సిన విషయం అదే, మీ పాపకి తెలుసేమో అడిగి చూడండి). పేరెంట్స్ మీటింగ్‌లో మేడమ్‌ని మెల్లగా అడగండి, పబ్లిక్ సంగతి సరే మేడమ్, కనీసం స్లిప్ టెస్ట్‌లో సొంత ప్రశ్నకి మార్కు ఇవ్వండి అని. ఆ పేపర్ దిద్దేది ఆవిడే కదా.

ప్రశ్న: సర్, ప్రకాశం జిల్లాలో జెడ్పీ హైస్కూల్‌లో సోషల్ చెప్తాను. పదికి కేంద్రం వాళ్ళ ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చాక చరిత్ర మొదలవ్వడమే యూరప్‌లో జాతీయవాదంతో మొదలవుతోంది. మాజినీ, బిస్మార్క్ అంటే పిల్లలు మొహాలు చూసుకుంటున్నారు, ఇంగ్లిష్ వాక్యమే సగం మందికి అందట్లేదు. డిసెంబర్‌కల్లా పోర్షన్ అవ్వాలి, తర్వాత అంతా రివిజనే. ఏది వదిలేయమంటారు?
- ఒక టీచర్

జవాబు: మాస్టారూ, వదలడం కాదు, వరస మార్చండి. 2022-23లో ఎనిమిదికి, తర్వాత తొమ్మిదికి, 2024-25లో పదికి ఈ పుస్తకాలు వచ్చాయి, అంతకుముందున్న రాష్ట్ర పుస్తకంలో రాంపురం అనే ఊరు పెట్టుకుని కూలీ, పొలం, అప్పు గురించి చెప్పేవాళ్ళు, పిల్లలకి కనీసం ఊరైనా తెలిసేది. కొత్తది చెడ్డ పుస్తకం అనను, చాలా బాగా రాశారు, కాకపోతే ఇంగ్లిష్ గడగడా చదివే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది, మీ క్లాసులో వాళ్ళు ఎంతమంది?

రెండో పాఠం భారతదేశంలో జాతీయవాదం. ముందు అది చెప్పండి. అందులో గూడెం కొండల అల్లూరి సీతారామరాజు ఉన్నాడు, ఆయన్ని మీరు పరిచయం చేయక్కర్లేదు. పుస్తకంలో లేకపోయినా చీరాల-పేరాల ఒక పది నిమిషాలు చెప్పండి, మున్సిపాలిటీ పన్నులు మాకొద్దని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక జనం ఇళ్ళు ఖాళీ చేసి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని నెలల తరబడి ఉన్నారు, మొన్నమొన్నటిదాకా అది మీ జిల్లానే కదా. మేమంతా ఒకటి అన్న ఫీలింగ్ జనానికి ఎక్కణ్ణుంచి వస్తుంది అని అప్పుడు అడగండి, ఆ తర్వాతే యూరప్‌కి పొండి.

యూరప్ పాఠం కూడా మొదటి పేరాతో కాకుండా మొదట్లో ఉన్న, సోర్యూ అనే ఫ్రెంచ్ చిత్రకారుడి బొమ్మతో ఎత్తుకోండి, 1848లో వేసింది, రకరకాల దేశాల జనం జెండాలు పట్టుకుని స్వేచ్ఛ విగ్రహం ముందునుంచి ఊరేగింపుగా పోతుంటారు. ఏం కనపడుతోందో తెలుగులో చెప్పమనండి, వాళ్ళు చెప్పినవే మీరు ఇంగ్లిష్‌లో బోర్డు మీద రాయండి, నోట్సు అదే. ఒక పీరియడ్ పోతుంది, పోనీండి. డిసెంబర్ డెడ్‌లైన్ కోసం ఎవరికీ అర్థం కాని పది పీరియడ్లు పరిగెత్తిస్తే జనవరిలో రివిజన్ అనే పేరుతో మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సింది మీరే.

ప్రశ్న: బాబు ఆరో తరగతికి వస్తున్నాడు. స్టేట్ సిలబస్ వీక్, సీబీఎస్ఈకి మార్చేయ్ అని ఆఫీసులో అందరూ అంటున్నారు. మార్చాలా?
- ఒక నాన్న, హైదరాబాద్

జవాబు: ట్రాన్స్‌ఫర్లు ఉన్న ఉద్యోగమైతే మార్చండి. వీక్ అన్న మాట మాత్రం నమ్మకండి. సీబీఎస్ఈలో చదివేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే, భారం తగ్గిస్తున్నాం అని ఆ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్‌లోంచి ఆవర్తన పట్టిక పాఠాన్నీ జీవపరిణామాన్నీ తీసేసింది, పరిణామం మళ్ళీ కనిపించేది పన్నెండో తరగతి బయాలజీలో, అంటే ఎంపీసీ తీసుకున్న పిల్లాడికి ఇంక కనిపించదు. మీరు వీక్ అంటున్న తెలంగాణ పుస్తకంలో ఆ రెండూ ఉన్నాయి. పోతే సీబీఎస్ఈ పదో తరగతి పేపర్‌లో సగం దాకా ప్రశ్నలు నేర్చుకున్నదాన్ని వాడి చూపించమనేవే ఉంటాయి, అది నిజంగా ప్లస్సే, కాకపోతే వాటికీ క్వశ్చన్ బ్యాంకులు మార్కెట్లోకి వచ్చేశాయి.

అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు బోర్డు పేరు కాదు, ఒకే సెక్షన్‌లో ఇద్దరు పిల్లల నోట్సు చూపించమని అడగండి. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే ఇంకో స్కూల్ చూసుకోండి. ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతికే విడిగా ఫీజు అడిగితే మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయండి, దానికి ఈ పేజీ చాలదు.